మనుమరాలి ఫోనూ, తారాఫీసు కట్టుబాటూ

మా బంధువుల వాట్సప్ గ్రూపులో ఇప్పుడు నాకు మొండిమనిషి అని పేరు. ముఖం మీద ఎవరూ అనరు. పెండ్లికి పోతే పక్కకు జరిగి కుర్చీ ఇస్తారు, మంచినీళ్లు తెచ్చిపెడతారు, ఆ తర్వాత మాట మారుస్తారు. ఆ పేరు నాకు బాగానే ఉంది. కానీ నేను దేనికి మొండికేశానో వాళ్లకు సరిగ్గా తెలియదు. మనుమరాలి తప్పు దాచడానికి అని అనుకుంటున్నారు. అది నిజం కాదు. అందుకే వరసగా రాసి పెడుతున్నాను.

జనగామలో మా ఇల్లు రైల్వే స్టేషనుకు దగ్గర. ఇంట్లో నేను, నా భార్య, మా కూతురి కూతురు. కూతురూ అల్లుడూ భూపాలపల్లిలో ఉంటారు. అల్లుడిది బొగ్గు గనిలో షిఫ్టు డ్యూటీ. పిల్ల ఇంటర్మీడియట్ చదవడానికి మా దగ్గరకు వచ్చింది. చదువు ఒక కారణం. బ్యాడ్మింటన్ నేర్పే సారు ఇక్కడ ఉండడం రెండో కారణం. పిల్లను అడిగితే ఆ వరస తిప్పి చెబుతుంది.

నేను ఉద్యోగమంతా తంతి ఆఫీసులో చేశాను. మా వైపు జనం దాన్ని తారాఫీసు అనేవారు. మొదట మహబూబాబాద్‌లో, తర్వాత భూపాలపల్లిలో, చివరికి సొంతూరు జనగామలో. తంతి మూగబోయాక కౌంటర్లో కూర్చుని రిటైరయ్యాను. డైరీ రాయడం మాత్రం ఉద్యోగానికి ముందే మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు. పొద్దున చాయ్ తాగాక నిన్నటి రోజు రాస్తాను. తారాఫీసులో మాటకింత అని వసూలు చేసి చేసి నాకు పొడుగు వాక్యం రాయాలంటే చేయి రాదు. వాన లేకపోతే వా.లే. కరెంటు పోతే క.పో. నా భార్య కోపంగా ఉంటే కో.ఉ.

ఈ చివరి దాన్ని పట్టుకున్నది మనుమరాలే. వచ్చిన కొత్తలో ఒకరోజు నా పక్కన కూర్చుని పేజీలు తిప్పింది. నేను వద్దనలేదు, అందులో దాచుకునేది ఏమీ లేదు. ఈ కో.ఉ. ఏంది తాతా, గిన్ని దినాలు ఉన్నదేంది అని అడిగింది. కోడి ఉడికింది అన్నాను. అది నమ్మకుండా తేదీలు చూసి, వాళ్ల అమ్మమ్మను అడిగి, ఆ రోజుల్లో ఏం జరిగిందో కూపీ లాగి అర్థం కనిపెట్టింది. మర్నాడు పొద్దున డైరీలో మళ్లీ అదే రాయాల్సి వచ్చింది.

"తాతా, నువ్వు గూడ మాలెక్కనే రాస్తవ్" అన్నది పిల్ల. అట్లా మా ఇద్దరికీ మాట కలిసింది.

దాని ఫోనులో నడిచే రాతను అది నాకు చూపించడం మొదలుపెట్టింది. టీక్యూ అంటే థాంక్యూ, జీఎన్ అంటే గుడ్ నైట్, ఇట్లాంటివి నాకు తెలిసినవే. నాకు వింతగా తోచింది మరొకటి. దానికి ఇండోనేషియాలో ఒక స్నేహితురాలు ఉంది. జావా దీవిలో ఏదో చిన్న పట్టణం. బ్యాడ్మింటన్ ఇష్టపడే పిల్లలందరూ కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారట, అక్కడ కుదిరిన స్నేహం. ఇద్దరూ ఇంగ్లీషులో రాసుకుంటారు. కానీ ఆ ఇంగ్లీషు నిండా ఆ దేశపు పిల్లల పొట్టిమాటలు. మా పిల్ల అవన్నీ నేర్చేసింది.

వాళ్ల భాష ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారట. పిల్లలు అచ్చులు తీసేసి హల్లులే రాసుకుంటారు. 'బీఎల్ఎమ్' అంటే ఇంకా కాలేదు. 'బీఎస్‌కే' అంటే రేపు. 'జీపీపీ' అంటే ఏం ఫరవాలేదు. కొన్నిటిలో రెండు మాటల తలలు తెంపి అతికిస్తారు. బద్ధకానికి ఒక మాట, కదలడానికి ఒక మాట, రెండూ కలిపి 'మగెర్' అంటారు. కదలబుద్ధి కావడం లేదని దాని అర్థం. ఊరికే పక్కవాళ్ల సంగతులు ఆరా తీసేవాణ్ని 'కెపో' అంటారు. నవ్వుకు మాత్రం 'డబ్ల్యూకే డబ్ల్యూకే' అని రాస్తారు. నోటితో చదివితే వెకవెక.

"మనం వికవిక నవ్వుడు అంటం గదా తాతా, గదే" అన్నది. ఎక్కడి జావా, ఎక్కడి జనగామ. ఆ రోజంతా నేను దాన్ని తలచుకుని నవ్వుకున్నాను.

నేను పద్ధతి ప్రకారం నేర్చుకునే మనిషిని. రోజుకు కొన్ని మాటలు అడిగి రాసుకున్నాను. బదులుగా మా తారు మాటలు, అంటే తంతి మీద వాడేవి, దానికి చెప్పాను. మేము ఆపరేటర్లం ఖాళీ ఉన్నప్పుడు తీగ మీద కబుర్లు చెప్పుకునేవాళ్లం. వరంగల్ ఆపరేటరు ముఖం నేను ఏళ్ల తరబడి చూడలేదు, కానీ అతని చేతి దెబ్బ విని జలుబు చేసిందని చెప్పగలిగేవాణ్ని. మా కబుర్లలో 'కే' అని ఒక అక్షరం ఉండేది. నేను చెప్పడం అయింది, ఇక నువ్వు చెప్పు అని అర్థం. ఈ పిల్లల భాషలోనూ 'కే' ఉంది. సరేలే, ఇక చాలు అని అర్థం. ఈ ఒక్కదాని విషయంలో మాత్రం మా కాలమే మేలని పిల్లతో వాదించాను. ఒప్పుకోలేదు. 'కే' అని రాసి పంపింది.

ఒకసారి ఆ ఇండోనేషియా పిల్ల వీడియో కాల్ చేసింది. తలకు గుడ్డ కట్టుకున్న, పళ్లకు తీగ పెట్టించుకున్న నవ్వుముఖం. వెనక వాళ్లమ్మ వంటింట్లో ఉంది. నా భార్య ఫోను తీసుకుని ఎండుమిరపకాయ ఎత్తి చూపించింది. ఆ తల్లి ఇంత వెడల్పు రాతి పళ్లెం తెచ్చి, దానిలో నూరిన మిరపకాయ పచ్చడి చూపించింది. ఇద్దరికీ భాష కుదరలేదు, అయినా చాలాసేపు నడిచింది. వాళ్ల రోలు తాంబాళం లెక్క ఉన్నది, దాంట్ల దంచితే సగం కింద పడదా అని నా భార్య ఆ తర్వాత కూడా మాటమాటకూ అడుగుతూనే ఉంది.

ఇదీ ఆ స్నేహం. ఇందులో నాకు తెలియనిది చాలా ఉంది, ఉండాలి కూడా.

అట్లా ఉండగా గ్రూపులో ఒక పట్టిక వచ్చింది. మీ పిల్లల ఫోన్లలో ఈ అక్షరాలు కనిపిస్తే వెంటనే మేల్కొనండి అని పైన ఎర్ర రంగులో రాసి ఉంది. కింద పొట్టిమాటలు, ఒక్కోదానికీ ఒక్కో భయంకరమైన అర్థం. ఎవరు తయారుచేశారో తెలియదు. పంపింది మా అల్లుడి అన్న. ఆయనకు మహబూబాబాద్‌లో, మేము మానుకోట అనే ఊళ్లో, పెద్ద బట్టల దుకాణం. మర్యాదస్తుడు, బంధువులకు అవసరం వస్తే ముందు నిలబడేవాడు. పొద్దున లేస్తే గ్రూపులో ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేడు. ఆ పట్టికలో వెకవెక కూడా ఉంది. అది ఏదో మత్తుబిళ్ల పేరని రాశారు. నేనూ మనుమరాలూ చదివి నవ్వి ఊరుకున్నాం.

తర్వాత ఆయన ఇంట్లోనే ఒడిబియ్యం. పెండ్లయిన ఆడపిల్లకు కొత్తబట్టలు పెట్టి, ఒళ్లో బియ్యం పోసే మా వైపు పండుగ. మేమంతా పోయినాం. మనుమరాలు ఫోనును హాల్లో కిటికీ దగ్గర చార్జింగుకు పెట్టి లోపలికి వెళ్లింది. జావా నుంచి సందేశాలు వచ్చాయి, తెర వెలిగింది. ఆయన అటు పోతూ చూశాడు. పట్టికలోని అక్షరాలు వరసగా కనిపించాయి. ఆయన ఏం చేశాడంటే, తన ఫోను తీసి ఆ తెరకు ఫోటో కొట్టాడు. పట్టికనూ ఫోటోనూ పక్కపక్కన పెట్టి గ్రూపులో వేశాడు. మన ఇంటి దాకా వచ్చింది, అందరూ జాగ్రత్త అని కింద రాశాడు. పేరు రాయలేదు. రాయకపోయినా ఫోనుకు ఉన్న పసుపు తొడుగును అందరూ గుర్తుపట్టారు.

భోజనాల దగ్గరకు వచ్చేసరికి ఆడవాళ్లు పిల్లను చూసి గొంతు తగ్గించుకోవడం నేను గమనించాను. పిల్ల కూడా గమనించింది. విస్తరి ముందు కూర్చుంది గానీ ఏమీ తినలేదు.

ఫోటో తీసేయమని నేను ఆ రాత్రే గ్రూపులో రాశాను. ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఫోటో అక్కడే ఉంది.

మరుసటి ఆదివారం అల్లుడు వచ్చాడు. ముందురోజు రాత్రి షిఫ్టు చేసి, స్నానం చేసి, నిద్ర లేకుండా బస్సెక్కాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా కూతురు కూడా వెంట వచ్చింది. ఖాళీ సూట్‌కేసు తెచ్చారు. దాన్ని గుమ్మం పక్కన పెట్టగానే సంగతి మా అందరికీ అర్థమైంది. పిల్లను భూపాలపల్లికి తీసుకుపోవడానికి వచ్చారు. పరీక్షలు దగ్గరలో ఉన్నాయి, ఆట నేర్పే సారు ఇక్కడ, చదువు ఇక్కడ. అక్కడికి పోతే ఫోను ఉండదు, కోర్టు ఉండదు, పరీక్ష ఎట్లా రాయిస్తారో వాళ్లకే తెలియదు.

అల్లుడు చెడ్డవాడు కాడు. ఇది ముందే చెప్పాలి. కూతురంటే ప్రాణం. రాకెట్టు కొనడానికి హైదరాబాదు దాకా పోయి, దుకాణంలో ఒకటికి రెండుసార్లు ఊపి చూసి తెచ్చినవాడు. ఊరూ పేరూ తెలియని వాళ్లు ఫోన్లలో ఆడపిల్లలను ఎట్లా మోసం చేస్తారో ఆయన రోజూ వింటున్నాడు. ఆ భయం ఉత్తది కాదు. నేను కూడా ఆ భయంతోనే మొదట ఆ వీడియో కాల్‌లో తల్లి ముఖం కనిపించేదాకా కదలకుండా కూర్చున్నాను. ఆ మాట ఆయనకు చెప్పాను. అవతల ఉన్నది ఆడపిల్లే, తల్లినీ ఇంటినీ కళ్లారా చూశానని చెప్పాను. ఆయన తల ఊపాడు. కానీ అది చాలలేదు.

పిల్ల ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది. అల్లుడు దాన్ని తెరిపించి, కాసేపు వేలితో పైకీ కిందికీ జరిపి, నా ముందుకు తోశాడు.

"మామా, నువ్వు తార్ల మనిషివి. గీ రాత నీకు సమజైతది, నాకు గాదు. జర చదివి చెప్పు. ఏం లేదంటే పిల్ల ఈడనే ఉంటది, నేను మా అన్నకు జవాబు చెప్పుకుంట. ఏమన్న ఉన్నదంటే ఇప్పుడే తీస్కపోత."

ఇది న్యాయమైన బేరమే అనిపిస్తుంది. మా కూతురు నా వైపు ఆశగా చూసింది. చదివితే అయిపోయేది. నేను ఆ మాటలు చదవగలను, ఆ ఇంట్లో చదవగలిగిన పెద్దవాణ్ని నేనొక్కణ్నే. ఫోను నా ముందు తెరిచి ఉంది.

నేను దాన్ని బోర్లించి పెట్టాను.

ఎందుకో చెప్పాలంటే తారాఫీసు దాకా పోవాలి. నేను ఉద్యోగంలో చేరిన రోజు, ఎవరి సందేశం ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం చేయించుకున్నారు. సంతకం అందరూ చేసేదే. అసలు సంగతి మా పెద్ద సిగ్నలరు, అంటే మాకు పైన ఉన్న ఆపరేటరు, నోటితో చెప్పాడు. చెవులకెల్లి చేతులకు పోవాలె, నోట్లెకు రావద్దు, గంతే అన్నాడు. తారు వచ్చిందంటే చావు కబురేనని జనం వణికిన రోజులవి. కౌంటరు దగ్గరకు వచ్చి కాగితం విప్పకుండానే ఏడ్చేవారు, మంచా చెడా ఒక్క మాట చెప్పు సారూ అని బతిమాలేవారు. చెప్పకూడదు. తారు ఎవరి పేరున వచ్చిందో వారి చేతిలోనే విప్పుకోవాలి.

మానుకోటలో ఒక మిల్లు సేఠ్ ఉండేవాడు. ఒకసారి మరో వ్యాపారికి గుంటూరు నుంచి మిర్చి ధర గురించి తారు వచ్చింది. సేఠ్ నా దగ్గరకు వచ్చి కుశలం అడిగాడు, మిఠాయి డబ్బా పెట్టాడు, ఆ ధర ఎంతో చెప్పమన్నాడు. డబ్బా తీసుకుపోమన్నాను. ఆ తర్వాత కొద్దిరోజులకు నాకు భూపాలపల్లికి బదిలీ కాగితం వచ్చింది. ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. డైరీలో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, అంతే. అప్పుడు భూపాలపల్లి అంటే అడవి అంచు. నా భార్య కిరోసిన్ దీపం పెట్టుకుని, పాములను తిట్టుకుంటూ కాపురం చేసింది. మా కూతురు అక్కడే పెరిగింది, అక్కడి సంబంధమే చేసుకుంది. అంటే ఈ అల్లుడు నాకు దొరికిందే ఆ నోరు విప్పకపోవడం వల్ల. ఆ మాట ఆ రోజు అనలేదు. అనాల్సింది.

బోర్లించిన ఫోను మీద చేయి పెట్టి ఆయనతో ఇట్లా అన్నాను.

"మాటల అర్థం అడుగు బిడ్డా, చెప్త. కూసోబెట్టి నేర్పుత గూడ. వాళ్లిద్దరు మాట్లాడుకున్నది మాత్రం నన్ను అడగకు."

"ఎందుకడగొద్దు? నీ మనుమరాలే గదా."

"రాసింది నా మనుమరాలు, అందుకున్నది ఇంకో తల్లి బిడ్డ. నడుమ నేనెవన్ని?"

అల్లుడికి కోపం వచ్చింది. ఇదేం తారాఫీసు కాదనీ, తారాఫీసు మూతబడిందనీ, నా సంతకం చెల్లే కాలం పోయిందనీ అన్నాడు. పిల్ల బతుకు కంటే నీ కట్టుబాటు ఎక్కువా అని అడిగాడు. మా కూతురు నా పక్కకు వచ్చి, చిన్నప్పుడు పలక కొనిపించుకోవడానికి వాడిన గొంతుతో, నాయినా, ఒక్కసారి చూడు, ఏం లేదని చెప్పు, గంతే కదా అన్నది. ఏం లేదని చెప్పాలన్నా చదవాలి. ఇవాళ ఏం లేదని చదివితే రేపు ఏమైనా ఉందేమో అని చదవాలి. ఎల్లుండి ఆ పిల్లే నా డైరీ కాదు గదా, నా ముఖం కూడా చూడదు.

అప్పటిదాకా వంటింటి గడపలో నిలబడి పప్పు చెరుగుతున్న నా భార్య మాట్లాడింది. పెండ్లయిన కొత్తలో ఆమె తమ్ముడికి ఉద్యోగం దొరికిన తారు నా చేతుల మీదుగానే జఫర్‌గఢ్‌లో వాళ్ల నాన్నకు పోయింది. నేను ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నాను. ఆమెకు ఆ కబురు పుట్టింటి నుంచి ఉత్తరం వచ్చాక తెలిసింది. ఆ దెబ్బను ఆమె నేటికీ మరిచిపోలేదు. పండుగకూ పబ్బానికీ తీస్తుంది.

"నాకే చెప్పలె బిడ్డా. నా తోడబుట్టినోని సంగతి నాకే చెప్పలె గీయన. నీకు చెప్తడా?" అన్నది చేట దులుపుతూ.

మా కూతురు ఆ మాటకు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది. అల్లుడు నవ్వలేదు. లేచి సూట్‌కేసు దగ్గరకు పోయాడు. బట్టలు సదురుకో అని కూతురితో అన్నాడు.

పిల్ల కదలలేదు. బల్ల దగ్గరకు వచ్చి, నా చేతి కింద నుంచి ఫోను తీసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోర్టులో సర్వీసు చేసే ముందు అది ఎట్లా నిలబడుతుందో అట్లా తండ్రికి ఎదురుగా నిలబడింది.

"బాపూ, నేను చదువుత. నేను రాసినయే చదువుత. దానియి చదవ. అవి నాయి గావు."

అల్లుడు సూట్‌కేసు పట్టుకునే నిలబడ్డాడు. కూర్చోమని నేనన్నాను. కూర్చోలేదు.

అది చదవడం మొదలుపెట్టింది. పొట్టిమాట వచ్చిన చోట ఆగి, దానిని అట్లాగే పలికి, వెంటనే తెలుగులో చెప్పింది. ఇవాళ ఓడిపోయిన, అని చదివింది. తర్వాత బొటనవేలితో తెరను జరుపుతూ మౌనంగా ఉంది. అక్కడ అవతలి పిల్ల మాటలున్నాయి. మళ్లీ చదివింది. జీపీపీ, ఏం ఫరవాలేదు. మళ్లీ మౌనం. అదేం మాట, నువ్వెందుకు ఏడుస్తున్నవ్, ఏడ్వకు. ఈసారి మౌనం చాలాసేపు సాగింది. తెర మీద జరుగుతున్నది మాకు కనిపించదు, వేలు మాత్రం కనిపిస్తోంది. నేనున్న గదా. మౌనం. వెకవెక, నవ్వు అది. మౌనం.

నాకు పాత రోజులు గుర్తుకొచ్చాయి. తీగ మీద ఏదైనా తేడా వస్తే ఒకవైపు చప్పుడే వినిపించేది. సగం సంభాషణ విని అవతల ఏం అన్నారో ఊహించుకునేవాళ్లం. ఇప్పుడు మా ఇంట్లో అందరం అదే చేస్తున్నాం. నా భార్య చేట పక్కన పెట్టి గడప మీద కూర్చుంది.

పిల్ల చదువుతూ ఒకచోట ఆగింది. గొంతు తగ్గించి చదివింది.

"బీఎల్ఎమ్. ఇంక చెప్పలె. మా బాపు రాకెట్ కొనిచ్చిండు, జిల్లా జట్టుకు ఎంపికైత అనుకున్నడు. ఓడిపోయిన అని ఎట్ల చెప్పాలె. ఆయనది రాత్రి షిఫ్టు, పొద్దున పండుకుంటడు. లేపి చెప్పాల్నా."

జిల్లా జట్టు ఎంపిక జరిగి చాలా రోజులైంది. ఫలితం ఇంకా చెప్పలేదని అది మా అందరికీ చెబుతూ వచ్చింది. నాకు కూడా.

అల్లుడు సూట్‌కేసు కింద పెట్టాడు.

"ఎప్పుడు ఓడినవ్?"

పిల్ల చెప్పింది.

"ఎవలి మీద?"

బచ్చన్నపేట నుంచి వచ్చిన ఒక పిల్ల మీద, ఎడమచేతి ఆట, ఎటు కొడుతుందో అంతు దొరకదు అని చెప్పింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎడమచేతి వాళ్ల మీద ఆడడం ఎవరితోనైనా సాధన చేశావా అని అడిగాడు. ఇంత మాట నాకు దాస్తవా, రాకెట్ వాపసు గుంజుకుంటనా అని కూడా అన్నాడు. నా భార్య లేచి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

చాయ్ తాగాక అల్లుడు తన ఫోను తీసుకుని వాకిట్లోకి వెళ్లాడు. తలుపు తీసే ఉంది, మాటలు మాకు వినిపించాయి. మానుకోటకు, అన్నకు చేశాడు.

"అన్నా, గా ఫోటో తీసెయ్యి. ఎందుకంటే ఏంది. అది నా బిడ్డది. లేదు, ఏమున్నదో నాకు పూర తెల్వదు. తెల్వకున్న తీసెయ్యి."

తెల్వకున్న తీసెయ్యి అన్న ఆ మాటకు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. కాసేపటికి గ్రూపులో ఆ ఫోటో ఉన్న చోట సందేశం తొలగించబడింది అని కనిపించింది. పట్టిక మాత్రం ఉంది. ఉండనీ. నేను దాని కింద ఒక వాక్యం రాశాను. ఈ పట్టికలోని మాటల అసలు అర్థాలు కావాలనుకునేవారు జనగామలో మా ఇంటికి వస్తే నేర్పుతాను, ఎవరి ఫోనూ తేవద్దు అని. ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. అప్పటి నుంచే నాకు ఆ పేరు.

అయితే ఒక్కడు వచ్చాడు. డ్యూటీ లేని ఆదివారాలు అల్లుడు భూపాలపల్లి నుంచి వస్తున్నాడు. పొద్దున కూతురితో కోర్టుకు పోయి, తానే ఎడమచేత్తో రాకెట్ పట్టుకుని దానికి సాధన చేయిస్తాడు. ఒక్క షటిల్ కూడా నెట్ దాటదని పిల్ల చెబుతుంది. మధ్యాహ్నం నా దగ్గర కూర్చుని మాటలు నేర్చుకుంటాడు. నాతో ఇంకా ముక్తసరిగానే ఉంటాడు. నా మొండితనాన్ని మెచ్చుకోడు, నేను మెప్పు అడగను. కానీ పోయినసారి తన అన్న గురించి చెబుతూ చెబుతూ మధ్యలో, ఆయన కెపో మామా అన్నాడు. పిల్ల లోపలి గదిలో వెకవెక నవ్వింది.

సూట్‌కేసు ఖాళీగానే వెనక్కి పోయింది. పిల్ల ఇక్కడే ఉంది, పరీక్షలకు చదువుతోంది, ఫోను దాని దగ్గరే ఉంది.

ఇంకొక్క మాట మిగిలింది. నేను అసలేమీ చదవనట్టు పైన రాశాను, అది పూర్తిగా నిజం కాదు. అల్లుడు ఫోను నా ముందుకు తోసినప్పుడు తెర తెరిచి ఉంది. నేను బోర్లించేలోపు నా చూపు దాని మీద పడింది. ఏళ్ల తరబడి చేసిన పని వల్ల నా కన్ను అక్షరం కనిపిస్తే ఆగదు, చదివేస్తుంది. కొన్ని వరసలు చదివింది. అవి అవతలి పిల్ల రాసినవి. ఎందుకు ఏడుస్తోందో అందులో ఉంది. ఆ కొన్ని వరసలు పైకి చదివి ఉంటే అల్లుడు ఆ క్షణమే మెత్తబడేవాడు, ఇంత గొడవ ఉండేది కాదు, బంధువుల్లో నాకు ఈ పేరూ వచ్చేది కాదు.

నా భార్య అప్పుడప్పుడు అడుగుతుంది. ఆ పిల్లకు ఏమైందయ్యా, మిరపకాయ పచ్చడి చూపించిన ఆ తల్లి మంచిగున్నదా అని. చదివేవారికి కూడా తెలుసుకోవాలని ఉంటుంది. ఆ రోజు డైరీలో వా.లే. అని రాశాను. అల్లుడు, కూతురు వ.పో. అని, అంటే వచ్చిపోయారని, రాశాను. కో.లే. అని కూడా రాశాను, నా భార్యకు ఆ రోజు కోపం లేదు. తెర మీద చూసింది రాయలేదు. ఇక్కడా రాయను.